వినియోగదారుల కోరికలు మారుతుంటే రైతు సంఘం ముందుగా ఏం మార్చాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీ రైతు సంఘం దగ్గర పంట కొనే సంస్థలు ఏటా ఏదో ఒక కొత్త షరతు తెస్తున్నాయి. ఒక ఏడాది పురుగుమందుల అవశేషాలు ఉండకూడదన్నారు, తర్వాతి ఏడాది కార్బన్ లెక్క, అంటే పంట వల్ల వేడి పెంచే వాయువులు ఎంత వెలువడుతున్నాయో చూపమన్నారు, ఇప్పుడు నీటి వాడకం, ప్లాస్టిక్ లేని ప్యాకింగ్ అంటున్నారు. అన్నిటికీ వాళ్లు చెప్పే కారణం ఒకటే, "మా వినియోగదారులు అడుగుతున్నారు" అని. అన్నీ చేస్తే ఖర్చు తట్టుకోలేం, చేయకపోతే మార్కెట్ పోతుందని మీకు టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోవాలా, ఈ కోరికల్లో ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అని అడిగారు.

రైతు సంఘాలతోనూ, పంట కొనే సంస్థల వైపునా చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వినియోగదారుల కోరిక కొనుగోలు ఒప్పందంలో ధరగా, గడువుగా, రాతపూర్వక హామీగా మారనంతవరకు దాని భారమంతా రైతు మీదే పడుతుంది. పొలంలో ఏం చేయాలన్నదానికి సమాధానాలు చాలావరకు తెలిసినవే. పద్ధతి మార్చే ఆ రెండు మూడేళ్లలో దిగుబడి తగ్గితే నష్టం ఎవరిది అన్నదానికి మాత్రం ఎవరూ నోరు విప్పరు. మీ సంఘం పట్టుబట్టాల్సింది అక్కడే. ఆ మాటకు వచ్చేముందు పొలం గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఏది నిజంగా పనికొచ్చే మార్పో తెలియకుండా బేరానికి కూర్చుంటే అవతలివాళ్లు అడిగినదానికల్లా తలూపాల్సి వస్తుంది.

వినియోగదారులకు కనిపించేది ఒకటి, అసలు భారం ఉండేది మరొకచోట. కొనేవాళ్ల కంటికి ముందు కవరు కనిపిస్తుంది, సరుకు ఎంత దూరం నుంచి వచ్చిందో కనిపిస్తుంది. 2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే పరిశోధకులు 119 దేశాల్లోని సుమారు 38,700 పొలాల సమాచారం సేకరించి, 40 రకాల ఆహార ఉత్పత్తుల లెక్క వేశారు. ఆహారం వల్ల వెలువడే, వాతావరణాన్ని వేడెక్కించే మొత్తం వాయువుల్లో రవాణా వాటా 6 శాతం దగ్గర, ప్యాకింగ్ వాటా 5 శాతం దగ్గర తేలింది. అడవిని, గడ్డిమైదానాన్ని సాగుభూమిగా మార్చడం, పంట పండించడం, పశువుల పెంపకం ఇవి కలిపితే ఐదింట నాలుగు వంతులు. అంటే ఈ భారంలో ఎక్కువ భాగం, సరుకు పొలం గేటు దాటకముందే పడిపోతోంది. అదే అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించిన విషయం ఇంకొకటి ఉంది. ఒకే పంటను పండించే ఇద్దరు రైతుల మధ్య పర్యావరణ భారంలో తేడా 50 రెట్ల వరకు ఉండొచ్చని తేలింది. అంటే ఏ పంట అన్నదానితో పాటు ఎలా పండించారన్నదీ చాలా పెద్ద విషయం. రైతు చేతిలో ఉన్న పని ఎంతో ఉందని దీని అర్థం.

ఆ పనిలో మొదటిది నత్రజని, అంటే యూరియా లాంటి ఎరువులతో పంటకు అందించే పోషకం. కొనుగోలు సంస్థల ప్రశ్నాపత్రాల్లో దీనికి ఒక గడి మాత్రమే ఇస్తారు, నా లెక్కలో సగం పేజీ ఇవ్వాలి. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారుచేసి చూపించారు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చారు, 1913లో జర్మనీలోని ఓప్పావ్‌లో ఉత్పత్తి మొదలైంది. ఈనాడు ప్రపంచంలో దాదాపు సగం మంది తింటున్న తిండి అలా తయారైన నత్రజని మీద ఆధారపడి ఉంది. కాబట్టి రసాయన ఎరువును రాత్రికి రాత్రి మానేయమనే మాటను నేను ఒప్పుకోను. అలాగని ఇప్పుడు వాడుతున్న తీరునూ సమర్థించలేను. ప్రపంచ సగటు చూస్తే పొలంలో వేసిన నత్రజనిలో సగం కూడా పంటలోకి చేరడం లేదు. మిగిలింది నీళ్లలోకి నైట్రేటుగా దిగుతుంది, గాలిలోకి అమ్మోనియాగా పోతుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్ అనే వేడి పెంచే వాయువుగా మారుతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. 217 కిలోల యూరియాలో 100 కిలోల నత్రజని ఉంటుంది. వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల సంఘం ఐపీసీసీ మామూలు లెక్క ప్రకారం అందులో 1 శాతం, అంటే 1 కిలో నత్రజని, నైట్రస్ ఆక్సైడ్ రూపంలో నేరుగా గాలిలో కలుస్తుంది. వాయువు బరువుగా చూస్తే అది 1.57 కిలోలు. వందేళ్ల కాలానికి ఆ వాయువు వేడి పెంచే శక్తి బొగ్గుపులుసు వాయువుకన్నా 273 రెట్లు. గుణిస్తే దాదాపు 430 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. యూరియా తయారీకి ఫ్యాక్టరీలో కాల్చిన ఇంధనం ఇందులో లేదు. ఎరువుకు మీరు పెట్టిన డబ్బులో పంటకు అందకుండా పోయిన భాగం కూడా ఇందులో లేదు. అందుకే ఎక్కడ మొదలుపెట్టాలంటే నత్రజని దగ్గరే అంటాను. ఇక్కడ పొదుపు చేసిన ప్రతి కిలో ముందు రైతు జేబుకు మేలు, తర్వాతే వినియోగదారుడికి చెప్పుకునే కథ.

చేయాల్సినవి మీకు తెలియనివి కావు. భూసార పరీక్ష చేయించి మోతాదు నిర్ణయించడం, ఒకేసారి చల్లకుండా పంట దశను బట్టి విడతలుగా వేయడం, పెద్ద వర్షం వచ్చేముందు వేయకపోవడం, వరిలో ఆకు రంగుల పట్టిక చూసి అవసరమైతేనే పైపాటుగా వేయడం, పంట మార్పిడిలో ఒక పప్పుజాతి పంట ఉండేలా చూడటం. పప్పుజాతి పంట వేర్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి పెడుతుంది కాబట్టి తర్వాతి పంటకు మోతాదు తగ్గించుకోవచ్చు. పశువుల ఎరువు వాడితే లెక్క అక్కర్లేదనుకునేవాళ్లు ఎక్కువ, అది సరికాదు. దానిలోంచి కూడా నైట్రేటు కారుతుంది, నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. ఏ ఎరువైనా ఎకరానికి ఎంత నత్రజని వెళ్లింది, పంటతో ఎంత బయటికి వచ్చింది అన్న రెండు అంకెలు ప్రతి రైతు పుస్తకంలో ఉండాలి. ఎంత పెద్ద కంపెనీ సర్వే చేసినా ఈ రెండు అంకెలకన్నా నిజం చెప్పే కొలత ఇంకొకటి దొరకడం కష్టం.

నీటి విషయానికి వస్తే, ప్రపంచంలో మనుషులు నదుల్లోంచి, భూగర్భంలోంచి తోడుకునే మంచినీటిలో సుమారు 70 శాతం వ్యవసాయానికే పోతోంది. మీ సభ్యులు వరి వేస్తుంటే అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన తడి, ఆర పద్ధతి ఉంది. మడిలో చిల్లులున్న గొట్టం పాతి, నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగినప్పుడే మళ్లీ తడి ఇస్తారు. పూత దశలో మాత్రం పైన నీరు నిలిపి ఉంచుతారు. నీరు 30 శాతం దాకా ఆదా అవుతుంది, నీరు నిలిచిన మడి నుంచి వచ్చే మీథేన్ అనే వేడి పెంచే వాయువు దాదాపు సగానికి తగ్గుతుంది. నైట్రస్ ఆక్సైడ్ కొద్దిగా పెరగొచ్చు, అయినా మొత్తం మీద లాభమే. మరి అందరూ ఎందుకు చేయడం లేదంటే, నీటికి ఎకరం లెక్కన రుసుము కట్టే చోట, లేదా కరెంటు ఖర్చు లేని చోట నీరు మిగిల్చినా రైతుకు ఒక్క పైసా కూడా మిగలదు. చుట్టుపక్కల కాలువ నీరు ఎప్పుడొస్తుందో నమ్మకం లేకపోతే మడి ఎండబెట్టడానికి ఎవరికైనా భయమే. ఇలాంటి చోట పద్ధతి గొప్పదని ఉపన్యాసం ఇస్తే లాభం లేదు, ఆ మార్పుకు కొనేవాళ్లు డబ్బు కట్టాలి.

పురుగుమందుల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. వినియోగదారులకు ఎక్కువ భయం ఉన్నది దీని మీదే, ఆ భయం న్యాయమైనదే కూడా. దేశం మొత్తం పద్ధతి మార్చుకోవాలనుకున్నప్పుడు ఎలా చేయాలో, ఎలా చేయకూడదో చెప్పే రెండు ఉదాహరణలు ఉన్నాయి.

ఇండోనేషియాలో 1970లలో, 1980ల మొదట్లో వరిని సుడిదోమ నాశనం చేసింది. మందులు ఎంత కొడితే దోమ అంత పెరిగింది. దోమను తినే సాలీళ్లు, ఇతర మిత్రపురుగులు మందులకు ముందు చచ్చిపోవడమే కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. 1986లో ఆ ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది, మందుల మీద ఇస్తున్న భారీ సబ్సిడీని కొన్నేళ్లలో ఎత్తేసింది. అంతటితో ఆగి ఉంటే రైతులు గోల పెట్టేవాళ్లు. 1989 నుంచి ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ సాయంతో రైతు పొలం బడులు నడిపారు. పంట కాలమంతా వారానికోసారి రైతులు మడిలోకి దిగి పురుగులు లెక్కపెట్టి, మిత్రపురుగు ఏది, శత్రుపురుగు ఏది అని వాళ్లే తెలుసుకున్నారు. మందుల వాడకం బాగా తగ్గింది, వరి ఉత్పత్తి మాత్రం పడిపోలేదు.

శ్రీలంకలో 2021లో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. దేశమంతా సేంద్రియ సాగుకు మారాలంటూ ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో రసాయన ఎరువులు, మందుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేశారు. ప్రత్యామ్నాయ ఎరువు సరిపడా లేదు, రైతులకు శిక్షణ లేదు, సమయం లేదు. వరి, టీ దిగుబడులు దెబ్బతిన్నాయి, బియ్యం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది, నవంబరుకల్లా నిషేధం ఎత్తేశారు. సేంద్రియ సాగు తప్పని ఈ అనుభవం చెప్పడం లేదు. మార్పు కోరినవాళ్లు దానికి కావాల్సిన సమయం, సరంజామా, శిక్షణ ఇవ్వకపోతే ఏమవుతుందో చెబుతోంది. "వచ్చే సీజన్ నుంచి అవశేషాలు సున్నా ఉండాలి" అని మీకు మెయిల్ పంపిన సంస్థ చిన్న స్థాయిలో చేస్తున్నదీ అదే. వాళ్లకు ఆ మాట సూటిగా చెప్పండి.

మీ సంఘంలో ఈ పని ఇలా జరగాలి. మందు కొట్టేముందు పొలంలో పురుగు సంఖ్య నష్టపరిచే స్థాయికి చేరిందో లేదో లెక్కపెట్టే అలవాటు రావాలి. లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు, తట్టుకునే రకాలు, గట్ల మీద పూల మొక్కలు ఇవన్నీ దాని తర్వాత వస్తాయి. తప్పనిసరై మందు కొట్టినప్పుడు కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది. అవశేషాల సమస్య ఎక్కువ చోట్ల ఆ గడువు పాటించకపోవడం వల్ల, పక్క పొలం నుంచి గాలికి కొట్టుకొచ్చిన మందు వల్ల వస్తుంది. ఈ రెండూ ఒంటరి రైతు కన్నా సంఘం చేతిలో ఉంటేనే అదుపులోకి వస్తాయి.

నేలలో కార్బన్ పెంచి డబ్బు సంపాదించవచ్చంటూ ఏజెంట్లు మీ దగ్గరికి వస్తారు, వచ్చే ఉంటారు. ఈ కార్బన్, అంటే సేంద్రియ కర్బనం పెరిగితే నేల తేమ పట్టుకుంటుంది, మట్టి కొట్టుకుపోవడం తగ్గుతుంది, వానలు తప్పినప్పుడు పంట కొన్ని రోజులు ఎక్కువ తట్టుకుంటుంది. ఆ మేలు కోసమైనా పెంచాలి. కానీ అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, కొన్నేళ్లకు ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది, పద్ధతి మళ్లీ మారిస్తే పోతుంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి నడుస్తున్న బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగంలో ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేస్తున్న మడిలో కర్బనం ఎరువు వేయని మడికన్నా రెట్టింపుకు పైగా ఉంది. అయితే అది శతాబ్దం దాటిన శ్రమ ఫలితం, పైగా అంత ఎరువు ప్రతి పొలానికీ ఎక్కడి నుంచి తేవాలి? దున్నకుండా సాగు చేస్తే కర్బనం పెరిగిందని చూపించే లెక్కల్లో కొన్ని పైపొర మట్టిని మాత్రమే కొలిచినవి. కనీసం 30 సెంటీమీటర్ల లోతు కొలవని ఒప్పందం మీద, ఇరవై ముప్పై ఏళ్లు భూమిని కట్టిపడేసే ఒప్పందం మీద సంతకం పెట్టకండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఖర్చు ఎవరిది అన్నది.

అమెరికా వ్యవసాయ శాఖ ఏటా వేసే లెక్క ఒకటి ఉంది. అక్కడి వినియోగదారుడు ఆహారానికి ఖర్చు చేసే ప్రతి డాలరులో రైతు వాటా 15, 16 సెంట్ల చుట్టూ ఉంటుంది. మిగిలింది ప్రాసెసింగ్, రవాణా, దుకాణం, హోటల్ వంటి వాటికి పోతుంది. ఈ నిష్పత్తి పంటను బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. కానీ ఇందులోంచి ఒక ఉపయోగకరమైన లెక్క వస్తుంది. రైతు వాటా 16 శాతం అయితే, రైతుకు ఇచ్చే ధర 10 శాతం పెంచినా చివరి ధర పెరగాల్సింది 1.6 శాతమే. మధ్యలో ప్రతి ఒక్కరూ తమ మార్జిన్‌ను శాతంలో వేసుకుంటారు కాబట్టి దుకాణంలో అది పెద్ద పెరుగుదలగా కనిపిస్తుంది, అప్పుడు "వినియోగదారులు ఎక్కువ ధర ఇవ్వడం లేదు" అంటారు. సర్వేలో ఇస్తామని చెప్పి దుకాణంలో ఇవ్వనివాళ్లు ఎక్కువన్న మాట నిజమే. అయినా అసలు ఎంత అడిగారో, అందులో రైతుకు ఎంత చేరిందో విడమర్చి అడిగే హక్కు మీకు ఉంది.

ఒప్పందంలో నేనైతే వేటి మీద పట్టుబడతానో చెప్తాను. మొదటిది కాలం. పద్ధతి మార్చమనేవాళ్లు కనీసం మూడేళ్ల కొనుగోలు హామీ, ఎంత పరిమాణం కొంటారన్న అంకెతో సహా ఇవ్వాలి. సేంద్రియ ధ్రువీకరణే చూడండి, యూరప్‌లో ఏడాది పంటలకు విత్తడానికి ముందు రెండేళ్లు, బహువార్షిక పంటలకు తొలి సేంద్రియ కోతకు ముందు మూడేళ్లు మార్పిడి కాలం. అమెరికాలో నిషేధిత మందు చివరిసారి వాడిన నాటి నుంచి 36 నెలలు. ఆ కాలమంతా ఖర్చు సేంద్రియ సాగుది, ధర మామూలు పంటది. దిగుబడులు కూడా తగ్గొచ్చు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పోలికల్లో సేంద్రియ దిగుబడి సగటున ఐదో వంతు అటూ ఇటుగా తక్కువ ఉంది. వర్షాధార పప్పుజాతి పంటల్లో, బహువార్షిక తోటల్లో తేడా చాలా తక్కువ, ధాన్యాల్లో, కూరగాయల్లో ఎక్కువ. ఈ లోటును పూడ్చే మార్పిడి ధర ఒప్పందంలో లేకపోతే అది ఒప్పందమే కాదు.

రెండోది, డబ్బు దేనికి కట్టాలన్నది. కొత్త పద్ధతి పాటించినందుకు కట్టాలా, ఫలితం చూపించినందుకు కట్టాలా అన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. మొదటి రెండేళ్లు పద్ధతికే కట్టమనండి. ఫలితం వాన మీద, ఎండ మీద ఆధారపడుతుంది, వాటికి రైతును బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. రికార్డులు పోగయ్యాక ఫలితానికి కొంత అదనం పెట్టుకోవచ్చు. పరీక్షల ఖర్చు, తనిఖీ ఖర్చు షరతు పెట్టినవాళ్లదే. సరుకు తిరస్కరిస్తే రెండో ల్యాబులో పరీక్ష చేయించుకునే అవకాశం ఉండాలి, అందుకోసం నమూనాలో సగం సీల్ వేసి మీ దగ్గర ఉంచుకోవాలి. పొలాల సమాచారం సంఘానిదేనని, అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వకూడదని రాయించండి. ఈ చివరి మాటను చాలామంది పట్టించుకోరు, కానీ రేపు సరుకు ఎంత విలువ చేస్తుందో ఆ సమాచారం కూడా అంతే విలువ చేస్తుంది.

గడువు ఇస్తే మార్పు సాధ్యమేనా అనే సందేహం ఉంటే కోళ్ల విషయం చూడండి. గుడ్లు పెట్టే కోళ్లను ఇరుకు పంజరాల్లో పెంచడం మానాలన్న ఒత్తిడి యూరప్ వినియోగదారుల నుంచి వచ్చింది. 1999లో ఐరోపా సమాఖ్య చట్టం చేసి, నిషేధం 2012 జనవరి 1 నుంచి అమలవుతుందని చెప్పింది. షెడ్ల మీద పెట్టిన అప్పు తీరడానికి, కొత్తవి కట్టుకోవడానికి దాదాపు పన్నెండేళ్లు ఇచ్చారు. అయినా చాలా దేశాలు గడువుకు సిద్ధం కాలేదు, తర్వాతే సర్దుకున్నాయి. పెట్టుబడి పెద్దదైనకొద్దీ గడువు పొడవుగా ఉండాలన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. మందు కొట్టే పద్ధతి రెండు సీజన్లలో మారొచ్చు. పశువుల షెడ్డు, బిందు సేద్యం, శీతల గిడ్డంగి లాంటివి అలా మారవు.

వినియోగదారుల కోరికలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి కూడా. వృథా వద్దంటారు, కానీ కాయ మీద చిన్న మచ్చ ఉన్నా పక్కన పెట్టేస్తారు. ప్లాస్టిక్ వద్దంటారు, కానీ పంట వారం రోజులు తాజాగా ఉండాలంటారు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో దుకాణాల్లో, హోటళ్లలో, ఇళ్లలో కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయ్యింది. వినియోగదారులకు అందుబాటులోకి వచ్చిన ఆహారంలో అది 19 శాతం. అందులో 60 శాతం ఇళ్లలోనే. కోత తర్వాత దుకాణానికి చేరేలోపు పోయేది మరో 13 శాతమని ఎఫ్‌ఏఓ అంచనా. పండించడానికి వాడిన నత్రజని, నీరు, శ్రమ అంతా దానితోపాటు చెత్తలోకి పోయినట్టే.

ఆకారం, సైజు నిబంధనలు చాలాసార్లు కోరికల వల్ల కన్నా అలవాటు వల్ల నిలిచి ఉంటాయి. 2009 జూలై నుంచి ఐరోపా సమాఖ్య 26 రకాల పండ్లు, కూరగాయలకు అలాంటి మార్కెటింగ్ ప్రమాణాలు ఎత్తేసింది, ఎక్కువ వ్యాపారం జరిగే 10 రకాలకు మాత్రం ఉంచింది. చట్టం పోయినా పెద్ద దుకాణాల సొంత గ్రేడింగ్ పోలేదు. కాబట్టి మీ ఒప్పందంలో రెండో గ్రేడు సరుకుకూ ధర, కొనుగోలు హామీ అడగండి. రైతుకు ఇది ఏ కార్బన్ చెల్లింపు కన్నా త్వరగా చేతికందే డబ్బు. ప్లాస్టిక్ విషయంలో ఒకటే ప్రశ్న వేయండి, కవరు తీసేస్తే పాడయ్యే సరుకు ఎంత పెరుగుతుంది, ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది అని. దీనికి అంకెలతో జవాబు ఇచ్చిన సంస్థతో ముందుకు వెళ్లొచ్చు.

ఇక సర్టిఫికెట్. మీ సరుకు కొనేవాళ్లు దాన్ని తప్పనిసరిగా అడిగి, దానికి అదనపు ధర రాసిస్తే తీసుకోండి. ఎవరో ఒకరు కొంటారులే అన్న ఆశతో మాత్రం తీసుకోకండి. ప్రపంచంలోని పొలాల్లో 84 శాతం రెండు హెక్టార్లలోపువే, వాటి చేతిలో ఉన్నది 12 శాతం సాగుభూమే. ఇలాంటి చిన్న కమతాలకు ఒక్కొక్కరుగా తనిఖీ ఖర్చు భరించడం కుదరని పని. సంఘం మొత్తానికి కలిపి ఇచ్చే గ్రూపు ధ్రువీకరణ అయితే కుదురుతుంది, కానీ దానికి సంఘం లోపల నిజాయితీగా తనిఖీ చేసే వ్యవస్థ ఉండాలి. ఒక్క సభ్యుడు చేసిన తప్పు కూడా అందరి సర్టిఫికెట్‌నూ ప్రమాదంలో పడేయొచ్చు. స్థానికంగా నేరుగా అమ్ముకునేవాళ్లకు రైతులు, కొనేవాళ్లు కలిసి ఒకరి పొలాలను ఒకరు చూసుకునే భాగస్వామ్య హామీ పద్ధతి చాలు, ఖర్చూ తక్కువ.

లేబుల్ మీద రాసే మాటల విషయంలో జాగ్రత్త. ఐరోపా కమిషన్ 2020లో చేయించిన పరిశీలనలో పర్యావరణ వాదనల్లో సగానికి పైగా, 53 శాతం, అస్పష్టంగానో తప్పుదోవ పట్టించేవిగానో ఆధారం లేనివిగానో తేలాయి. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన చట్టం 2026 సెప్టెంబరు 27 నుంచి అమలు కావాలి. రుజువు లేకుండా "పర్యావరణ హితం" అని రాయడాన్ని, కార్బన్ క్రెడిట్లు (వేరేచోట వాయువులు తగ్గించినందుకు ఇచ్చే పత్రాలు) కొని "కార్బన్ భారం లేదు" అని చెప్పుకోవడాన్ని అది నిషేధిస్తుంది. మీ సరుకు ఎక్కడికి వెళ్తుందో మీకు ఎప్పుడూ తెలియదు. మీ పేరు మీద కొనుగోలు సంస్థ ఏం రాస్తోందో ముందుగా చూపించమనండి. చూడకుండా ఒప్పుకుంటే రేపు జవాబు చెప్పుకోవాల్సినవాళ్లలో మీరూ ఉంటారు.

వినియోగదారుల కోరికల్లో ఏది నిలుస్తుంది, ఏది పోతుందని కూడా మీరు అడిగారు. నా అంచనాలో చట్టంగా మారినవి, ఆరోగ్యంతో ముడిపడినవి నిలుస్తాయి. అవశేషాల పరిమితులు వెనక్కి వెళ్లవు. అడవి కొట్టి వేసిన పంటను కాదనడం కూడా వెనక్కి వెళ్లదు. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన చట్టం కాఫీ, కోకో, సోయా, పామాయిల్, రబ్బరు, పశువులు, కలప విషయంలో 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన భూమి నుంచి వచ్చిన సరుకును అనుమతించదు, ప్రతి పొలం ఎక్కడుందో మ్యాపు మీద చూపమంటుంది. దాని అమలు తేదీ వాయిదాలు పడుతూ వచ్చినా, పొలం స్థానం రికార్డు చేసుకోవాలన్న అవసరం ఇక పోదు. ప్యాకెట్ మీద ఫ్యాషన్ మాటలు మాత్రం ఏటా మారుతూనే ఉంటాయి, వాటి వెనక పరిగెత్తి పెట్టుబడి పెట్టకండి.

కాబట్టి వచ్చే సీజన్‌కు మీ సంఘం అందరితో కాకుండా ముందుకొచ్చిన కొందరు సభ్యులతో, ఒక్కొక్కరి పొలంలో కొంత భాగంలోనే మొదలుపెట్టండి. పక్కనే పాత పద్ధతి మడి ఉంచితే తేడా వాళ్ల కళ్లకే కనిపిస్తుంది, నష్టం వచ్చినా తట్టుకునేంతే ఉంటుంది. ప్రతి మడికీ స్థానం, వేసిన నత్రజని, ఇచ్చిన తడులు, కొట్టిన మందు పేరూ తేదీ, కోత తేదీ, దిగుబడి, తిరస్కరించిన సరుకు ఇవి రాయించండి. చదువు రానివాళ్ల తరఫున సంఘంలోని యువకులు రాయొచ్చు, ఆ పనికి వాళ్లకు జీతం ఇవ్వండి, ఉచితంగా చేయించిన రికార్డు రెండో నెలలోనే ఆగిపోతుంది. ఆ జీతాన్ని కూడా కొనుగోలు సంస్థకు పంపే ఖర్చుల పట్టికలో మొదటి వరుసలో పెట్టండి. ఆ పట్టిక చూసి బేరానికి కూర్చున్న సంస్థ పేరును ఒకవైపు, జవాబివ్వని సంస్థ పేరును ఇంకోవైపు రాసుకుంటే, మూడేళ్ల ఒప్పందం ఎవరితో చేసుకోవాలో సీజన్ ముగిసేలోపే తేలుతుంది.